ఆకలికీ అమోనియాకీ మధ్య: చేపపిల్లల నర్సరీ తొట్టి లెక్కలు

ఏంజెల్ చేపల జంట గుడ్లు పెడుతుంది. రెండు రెండున్నర రోజుల్లో అవి చిట్లి పిల్లలవుతాయి. వారం తిరిగేసరికి రెండు వందల పిల్లలు ఈదుతుంటాయి. ఇంకో నాలుగైదు రోజులు పోయాక చూస్తే ఇరవై కూడా ఉండవు. చేపల చేత గుడ్లు పెట్టించడం ఒక పని, పుట్టిన పిల్లల్ని నిలబెట్టడం పూర్తిగా వేరే పని.

ఎందుకు పోయాయని ఆరా తీస్తే సలహాలకు కొదవ ఉండదు. కానీ ఒకదానికొకటి పొసగవు. పెద్ద తొట్టి కావాలని ఒకరంటే, చిన్న డబ్బాలోనే బాగా పెరుగుతాయని ఇంకొకరు. ఫిల్టర్ పెడితే పిల్లల్ని లాగేస్తుందంటారు, పెట్టకపోతే నీళ్లు విషమవుతాయనీ అంటారు. అడుగున ఇసుక రేణువు కూడా ఉండకూడదని ఒక మాట, నాచు కుక్కి పెట్టమని ఇంకో మాట. రోజూ సగం నీళ్లు మార్చమనే వాళ్లున్నారు, నెలరోజులు ముట్టుకోవద్దనే వాళ్లూ ఉన్నారు.

వీటిలో చాలావరకు అబద్ధాలు కావు. ప్రతి సలహా ఏదో ఒక జాతికి, ఏదో ఒక వయసులో, ఏదో ఒక ఊరి నీళ్లలో పనిచేసినదే. చిక్కంతా ఒక్క ముడిలో ఉంది. పిల్ల బతకాలంటే దాని నోటి ముందు పగలంతా తిండి ఉండాలి. తిండి మిగిలితే నీళ్లు చెడతాయి. నీళ్లు చెడితే అందరికన్నా ముందు పోయేది పిల్లే. నర్సరీ తొట్టిలో ఏ వస్తువు పెట్టినా, ఏది తీసేసినా, ఈ ముడిని ఏదో ఒక వైపు నుంచి వదులు చేయడానికే.

పుట్టిన రోజు పిల్లా, పదో రోజు పిల్లా ఒకటి కాదు

ముందుగా తేల్చుకోవలసింది చేప రకం. గప్పీ, మోలీ, ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్ గుడ్లు బయట పెట్టవు, పిల్లల్నే కంటాయి. నాలుగు వారాలు తల్లి కడుపులో పెరిగి వచ్చిన ఆ పిల్ల పుట్టిన గంటకే ఈదుతుంది, మెత్తగా నలిపిన పొడి మేత తింటుంది. దానికి ఉన్న పెద్ద ప్రమాదం తల్లి నోరే. గప్పీ పిల్లల్ని పెంచిన ధీమాతో, గుడ్లు పెట్టే ఫైటర్ చేప పిల్లల్ని పెంచబోయేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే.

గుడ్డు నుంచి వచ్చే పిల్లకు తొలి నెలలో మూడు దశలుంటాయి. మొదటిది పచ్చసొన దశ. పొట్ట కింద సొన సంచి వేలాడుతూ ఉంటుంది, నోరు ఇంకా పూర్తిగా తయారుకాదు, తిండి అక్కర్లేదు. పిల్ల ఆకుకో గాజుకో అతుక్కుని తోక ఆడిస్తుంది, లేదా అడుగున పడి ఉంటుంది. రెండోది ఈత మొదలయ్యే దశ. సొన అయిపోతుంది, పిల్ల అడ్డంగా తిరిగి నీటి మధ్యలో ఈదుతుంది, అప్పటి నుంచి ఒకటి రెండు రోజుల్లో తిండి దొరక్కపోతే ఇక తినే శక్తి కూడా ఉండదు. మూడోది పొట్ట, మొప్పలు కుదురుకుని, రోజుకు నాలుగుసార్లు మేత వేస్తే సరిపోయే దశ.

ఈ దశల పొడవు జాతిని బట్టి మారుతుంది. 27–28 డిగ్రీల సెల్సియస్ నీళ్లలో ఫైటర్ గుడ్లు ఒకటి రెండు రోజుల్లో చిట్లుతాయి, మరో రెండు మూడు రోజులకు పిల్లలు ఈదుతాయి. జీబ్రా చేప పిల్లలు గుడ్డు పెట్టిన ఐదో రోజుకల్లా ఈతకొస్తాయి. ఏంజెల్ పిల్లలకు దాదాపు వారం పడుతుంది. అందుకే ‘పిల్లలు రాగానే మేత వేయండి’ అనే సలహా గప్పీకి సరైనదే, ఏంజెల్‌కు మాత్రం చేటు. సొన సంచి ఉన్న పిల్ల ముట్టని మేత నాలుగు రోజులు అడుగున కుళ్లుతుంది. పిల్లకు ఆకలి వేసే వేళకు నీళ్లు చెడిపోయి ఉంటాయి.

మొదటి గాలి గుక్క

ఈత దశలోకి వచ్చే పిల్లల్లో చాలా జాతులు ఒక్కసారి నీటి పైకి వెళ్లి గాలి మింగుతాయి. ఆ గాలితోనే లోపలి గాలితిత్తి మొదటిసారి ఉబ్బుతుంది. అది కుదరని పిల్ల అడుగున గెంతుతూ ఉంటుంది తప్ప ఈదలేదు. తిండి చుట్టూ ఉన్నా అందుకోలేదు. ఇలాంటి పిల్లల్ని చూసి ‘బలహీనంగా పుట్టాయి’ అనుకుంటాం. చాలాసార్లు తప్పు నీటి ఉపరితలానిది. ఉడికించిన గుడ్డు సొన, నూనె ఎక్కువున్న మేత, చేతికి ఉన్న సబ్బు, వంటింటి జిడ్డు నీటిపై పలుచని పొర కడితే మిల్లీమీటర్ల పిల్ల దాన్ని చీల్చుకుని గాలి అందుకోలేదు.

కృష్ణా, గోదావరి జిల్లాల్లో నర్సరీ చెరువులు నడిపేవారికి ఈ భౌతికశాస్త్రం వేరే రూపంలో పరిచయమే. స్పాన్‌ను, అంటే గుడ్డు నుంచి ఈమధ్యే వచ్చిన చేపపిల్లల్ని, వదలడానికి ముందు చెరువుపై నూనె, సబ్బు కలిపిన ద్రావణం చల్లుతారు. గాలి కోసం పైకి వచ్చే నీటిపురుగులు ఆ పొర తగిలి చస్తాయి. పొర చెదిరిపోయాకే స్పాన్‌ను వదులుతారు. అక్కడ కావాలని వేసే పొర, ఇంట్లో తెలియక వేస్తాం. గాజు తొట్టిలో ఒక కాగితపు రుమాలు నీటిపై పరిచి ఎత్తేస్తే జిడ్డు దానితో వచ్చేస్తుంది. బుడగలు సన్నగా వస్తూ ఉంటే మళ్లీ అంత తొందరగా కట్టదు.

పెద్ద తొట్టా, చిన్న డబ్బానా?

అంగళ్లలో సులువుగా దొరికే 18×12×12 అంగుళాల తొట్టి తీసుకుందాం. అంచు దాకా నింపితే 42 లీటర్లు. ఒక్కో అంగుళం లోతుకు దాదాపు మూడున్నర లీటర్లు.

ఇందులో 5,000 ఆర్టీమియా పిల్లల్ని, అంటే ఉప్పునీటి రొయ్యజాతి సూక్ష్మజీవుల్ని, మేతగా వదిలామనుకోండి. నాలుగు అంగుళాల లోతులో 14 లీటర్లున్నప్పుడు లీటరుకు 350కి పైగా ఉంటాయి. తొట్టి నిండా ఉంటే లీటరుకు 120. అదే మేతను 100 లీటర్ల తొట్టిలో వేస్తే 50. కొత్తగా ఈదే పిల్ల తన ఒంటి పొడవుకు కొన్ని రెట్ల దూరం మాత్రమే చూడగలదు, ఎక్కువ దూరం వెంటాడలేదు. కాబట్టి పెద్ద తొట్టిలో మేత ఉన్నా పిల్ల పస్తులే. చిన్న డబ్బా వాదం బలమంతా ఇదే.

పెద్ద తొట్టి వాదం బలం వేరే చోట ఉంది. నీళ్లు ఎక్కువుంటే వేడి తొందరగా మారదు, వ్యర్థం పలచబడుతుంది, ఒక పూట చేయి జారి మేత ఎక్కువ పడినా కాచుకుంటుంది. అర లీటరు డబ్బాలో ఆ తప్పుకు క్షమాపణ లేదు.

రెండు వాదాలకూ పొత్తు కుదిర్చే పద్ధతి ఒకటుంది, అనుభవమున్న పెంపకందారులు చాలామంది దానికే వస్తారు. తొట్టి పెద్దదే, నీళ్లు మాత్రం తక్కువ. నాలుగు అంగుళాలతో మొదలుపెట్టి, పిల్లలు పెరిగేకొద్దీ రోజూ కాస్త కాస్త పోస్తూ మూడు నాలుగు వారాల్లో పది అంగుళాలకు తీసుకెళ్తారు. దీనికీ ఓ మెలిక ఉంది. నీళ్లు తక్కువుంటే హీటర్ నిలువుగా మునగదు, గాజు పగులుతుంది. పూర్తిగా మునగడానికి అనువైన రకాన్ని అడుగున అడ్డంగా పెట్టాలి. గాలి బుడగలతో నడిచే స్పాంజ్ ఫిల్టర్ కూడా నాలుగు అంగుళాల్లో మునిగేంత పొట్టిదే అయి ఉండాలి.

పెద్ద చేపల తొట్టిలోనే వేలాడదీసే వలగూడు సంగతి ఏమిటి? గప్పీ తల్లి నుంచి పిల్లల్ని కాపాడటానికి కొన్ని రోజులకు పనికొస్తుంది. దాని గొప్ప లాభం, పాత తొట్టి నీళ్లూ ఫిల్టరూ అమరి ఉండటం. నష్టం, వల కళ్లు పాచితో మూసుకుపోయి లోపల నీరు కదలదు, మేత వల గుండా బయటికి పోతుంది. ఫైటర్, గౌరామి పిల్లలంత సన్నవి వల కళ్లలోంచే జారిపోతాయి.

చిటికెడు మేత ఎంత అమోనియా అవుతుంది?

తిన్నది జీర్ణమైనా, తినక కుళ్లినా మాంసకృత్తుల్లోని నత్రజని చివరికి అమోనియాగానే నీళ్లలోకి వస్తుంది. చేపల పెంపకంలో వాడే అంచనా ప్రకారం 50 శాతం మాంసకృత్తులున్న పొడి మేత బరువులో నాలుగున్నర శాతం దాకా అమోనియా నత్రజని అవుతుంది. రోజుకు 0.1 గ్రాము, అంటే సన్నని చిటికెడు వేస్తే సుమారు 4.6 మిల్లీగ్రాములు. 40 లీటర్ల నీళ్లలో అది లీటరుకు 0.1 మిల్లీగ్రాము పైచిలుకు. 14 లీటర్లలో 0.33. నీళ్లు తగ్గించి పెంచే పద్ధతికి ఇదే మూల్యం.

ఫిల్టర్‌లో బ్యాక్టీరియా ఇంకా లేదనుకుందాం. 40 లీటర్ల నీళ్లలో రోజుకు లీటరుకు 0.1 మిల్లీగ్రాము చొప్పున చేరుతోంది, మనం నీళ్లు మారుస్తున్నాం. రోజూ పదో వంతు మారిస్తే, చేరేదీ పోయేదీ సమానమయ్యేసరికి నీళ్లు మార్చబోయే ముందు అమోనియా 1 మిల్లీగ్రాము దగ్గర నిలుస్తుంది. ఐదో వంతు మారిస్తే 0.5, సగం మారిస్తే 0.2. రోజూ చేరేదాన్ని మార్చే వంతుతో భాగిస్తే వచ్చే లెక్కే ఇది.

ఈ 0.5 ప్రమాదమా కాదా? అది పీహెచ్, అంటే నీళ్ల ఆమ్ల క్షార స్థాయి చెప్పాలి. అమోనియా నీళ్లలో రెండు రూపాల్లో ఉంటుంది. అమోనియం రూపంతో పెద్ద భయం లేదు. విడి అమోనియా మొప్పల గుండా నేరుగా ఒంట్లోకి దూరుతుంది. మామూలు టెస్ట్ కిట్ రెండింటినీ కలిపి చూపిస్తుంది. 28 డిగ్రీల నీళ్లలో పీహెచ్ 7 ఉంటే మొత్తంలో విడి అమోనియా 0.7 శాతమే. పీహెచ్ 8 అయితే 6.5 శాతం. 8.5 అయితే 18 శాతం. అంటే కిట్‌లో కనిపించే అదే 0.5, పీహెచ్ 7లో 0.0035 మిల్లీగ్రాముల విషం, పీహెచ్ 8లో 0.033, పీహెచ్ 8.5లో 0.09. పిల్లలకు విడి అమోనియా 0.02 దాటకూడదన్నది పెంపకందారులు పెట్టుకునే సాధారణ హద్దు.

రోజూ ఐదో వంతు మార్చి హాయిగా పెంచామని చెప్పేవారి నీళ్లు పీహెచ్ 7 దగ్గర ఉండి ఉంటాయి. అదే పని గట్టి (లవణాలు ఎక్కువున్న) బోరు నీళ్లతో, పీహెచ్ 8లో చేసినవారి పిల్లలు హద్దు దాటిన విషంలో ఈదుతుంటాయి. వారికి సగం నీళ్లు మార్చితే తప్ప గండం గట్టెక్కదు. ఒకరి అనుభవం ఇంకొకరికి అబద్ధంగా కనిపించడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

స్పాంజ్ ఎందుకు, అదీ పాతదే ఎందుకు?

అమోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా జిగటగా ఏదో ఒక ఉపరితలానికి అంటుకుని బతుకుతుంది. నీళ్లలో తేలుతూ ఉండదు. అందుకే పెద్ద తొట్టిలోంచి ‘పాత నీళ్లు’ తెచ్చి పోస్తే తొట్టి కుదురుకుంటుందనేది సగం నిజమే. వేడి, పీహెచ్ కలుస్తాయి, బ్యాక్టీరియా మాత్రం పెద్దగా రాదు. కొత్త తొట్టిలో అది స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. గుడ్లు అంతకాలం ఆగవు.

కాబట్టి నర్సరీకి వాడబోయే స్పాంజ్ ఫిల్టర్‌ను గుడ్లు పెట్టడానికి నెల ముందే పెద్ద చేపల తొట్టిలో పెట్టి నడుపుతారు. పిల్లలు ఈతకొచ్చే వేళకు దాన్ని నీళ్లలోంచి తీసి, ఆరనివ్వకుండా, నర్సరీలో పెడితే అమోనియాను తినే సైన్యం సిద్ధంగా ఉంటుంది. పాత స్పాంజ్‌పై పాకే సూక్ష్మజీవులను పిల్లలు రోజంతా గిల్లి తింటాయి. ఆకలికీ అమోనియాకీ ఒకేసారి మందు వేసే వస్తువు నర్సరీలో ముఖ్యంగా ఇదే.

వేలాడే ఫిల్టర్, లోపలి పవర్ ఫిల్టర్ పిల్లల్ని లాగేస్తాయన్నది నిజం. మూతికి పాత నైలాన్ మేజోడు తొడిగితే లాగడం ఆగుతుంది, ప్రవాహం మాత్రం తగ్గదు. ప్రవాహంలో నిలబడటానికే పిల్ల శక్తంతా ఖర్చయితే పెరగడానికి ఏముంటుంది? స్పాంజ్‌కు కూడా గాలిని వాల్వ్‌తో బాగా తగ్గించాలి. బుడగలు లెక్కపెట్టగలిగేంత నెమ్మదిగా వస్తే చాలు. పిల్లలు ఒక మూలకు కొట్టుకుపోతున్నాయంటే ఇంకా ఎక్కువగానే ఉందన్నమాట.

ఎయిర్ పంప్ నీటి మట్టం కన్నా కింద ఉంటే కరెంటు పోయినప్పుడు నీళ్లు గొట్టం గుండా వెనక్కి వచ్చి పంపులోకీ, ప్లగ్గులోకీ చేరతాయి. చిన్న నాన్ రిటర్న్ వాల్వ్ దీన్ని ఆపుతుంది. ఇంకో సంగతి చాలామందికి తట్టదు. పంప్ గదిలోని గాలినే పీల్చి నీళ్లలోకి తోస్తుంది. దోమల కోసం ప్లగ్గుకు పెట్టే లిక్విడ్ మందుల్లో ఉండే పైరెథ్రాయిడ్ రసాయనాలు మనకు పెద్దగా ఏమీ చేయకపోయినా చేపలకు తీవ్రమైన విషం. పంప్ పక్కనే రాత్రంతా అది వెలుగుతుంటే పొద్దున్నకు కారణం తెలియని చావులు కనిపిస్తాయి. దోమతెర మేలు.

బోసి గాజా, నాచు తోటా?

బోసి అడుగు వాదించేవారికి ముఖ్యం కంటికి కనిపించడం. మిగిలిన మేత, చచ్చిన పిల్ల, తెల్లబడిన గుడ్డు వెంటనే కనబడతాయి, ఎయిర్ గొట్టంతో పీల్చేయొచ్చు. రంగురాళ్ల సందుల్లో పడిన మేతను పిల్లా అందుకోలేదు, మనమూ అందుకోలేం. ఈ విషయంలో రెండో మాట లేదు, నర్సరీలో రాళ్లు పనికిరావు.

నాచు సంగతి వేరు. జావా మాస్, గప్పీ గ్రాస్, హార్న్‌వోర్ట్ లాంటివి పిల్లలకు నక్కే చోటు ఇస్తాయి, ఆకులపై సూక్ష్మజీవులు పెరుగుతాయి, ఎదిగే మొక్క కొంత అమోనియాను పీల్చుకుంటుంది. మేత వేయడం ఒక పూట ఆలస్యమైనా నాచున్న తొట్టిలో పిల్ల కొంత తట్టుకుంటుంది. అయితే చచ్చిన ఆకు కుళ్లి అమోనియా ఇస్తుంది, గుబురు లోపల పిల్లలెన్ని ఉన్నాయో లెక్క తెలియదు. అడుగు బోసిగా ఉంచి, ఒక గుప్పెడు మాస్‌ను ఒక మూలన, తీసి పెట్టడానికి వీలుగా వదులుగా పెట్టడం రెండింటికీ మధ్య దారి.

చెరువు నుంచి తెచ్చిన అంతరతామర, గుర్రపుడెక్క వేళ్లు పిల్లలు దాక్కోవడానికి ఎంతో బాగుంటాయి. పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టు, వాటితో తూనీగ లార్వాలు, నీటిపురుగులు, హైడ్రాలు కూడా వస్తాయి. ఒక్క తూనీగ లార్వా చాలు, రోజుకు కొన్ని పిల్లల్ని పట్టి తింటుంది, మనకు శవం కూడా దొరకదు. చచ్చిన పిల్ల కనబడకుండానే పిల్లలు తగ్గిపోతుంటే అనుమానించాల్సింది దీన్నే. ఇలాంటి మొక్కను రెండు మూడు వారాలు వేరే బకెట్లో ఉంచి చూశాకే వాడటం మేలు.

నీళ్లు ఎక్కడివి?

మున్సిపల్ కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. భారతీయ తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. చేపలకు హాని చేయడానికి అందులో పదో వంతు చాలు. బకెట్లో పోసి ఎయిర్ స్టోన్‌తో ఒక రోజు ఉంచితే క్లోరిన్ పోతుంది. తొందరైతే హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్ వాడతారు. 10 గ్రాములు లీటరు నీళ్లలో కరిగించి పెట్టుకుంటే, లీటరుకు ఒక మిల్లీగ్రాము క్లోరిన్ ఉన్న 10 లీటర్ల నీళ్లకు 7 మిల్లీలీటర్లు సరిపోతాయి.

బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు కానీ గట్టిదనం, పీహెచ్ ఎక్కువ. అమోనియా లెక్కలో అది ఏం చేస్తుందో పైన చూశాం. ఆర్వో నీళ్లు శుభ్రమే అయినా వాటిలో లవణాలు దాదాపు ఉండవు. అవే పోస్తే పీహెచ్‌ను పట్టి నిలిపేది ఏదీ ఉండదు, హఠాత్తుగా పడిపోతుంది. బోరు నీళ్లలో కొంత ఆర్వో కలిపితే రెండు దోషాలూ తగ్గుతాయి. ఏ నీళ్లయినా, కొత్తగా పోసేవి తొట్టి నీళ్లకన్నా ఒక డిగ్రీకి మించి తేడా ఉండకూడదు. ఎయిర్ గొట్టానికి ముడివేసి చుక్కలుగా దించడమే సురక్షితం.

హైదరాబాద్‌లో డిసెంబర్, జనవరి తెల్లవారుజామున గది చల్లబడుతుంది, అప్పుడు హీటర్ తప్పదు. లీటరుకు ఒక వాట్ లెక్కన చిన్న తొట్టికి 25 వాట్లు చాలు. కోస్తాలో మే నెలలో కష్టం తలకిందులు. వేడెక్కిన నీళ్లు ప్రాణవాయువును పట్టి ఉంచలేవు, 25 డిగ్రీల వద్ద లీటరుకు 8.3 మిల్లీగ్రాముల దాకా కరిగేది 30 డిగ్రీలకు 7.5కు పడిపోతుంది. ఫైటర్, గౌరామి పిల్లలకు మూత కూడా కావాలి. వాటిలో గాలి పీల్చే అవయవం కొన్ని వారాలకు తయారవుతుంది, ఆ రోజుల్లో నీటిపైన గాలి వెచ్చగా, తేమగా ఉండాలి.

నోటికి పట్టే తిండి

ఆర్టీమియా పిల్ల పొడవు మిల్లీమీటరులో సగానికి కొంచెం తక్కువ. ఏంజెల్ పిల్ల ఈతకొచ్చిన రోజే దాన్ని మింగగలదు. గోల్డ్‌ఫిష్ పిల్లా ఒకటి రెండు రోజుల్లో అందుకుంటుంది. గౌరామి నోటికి అది పెద్ద. దానికి, ఫైటర్ పిల్లల్లో చిన్నవాటికి మొదటి రోజులు ఇన్ఫ్యూసోరియా, అంటే పారమీషియం వంటి కంటికి అరకొరగా కనిపించే సూక్ష్మజీవులు కావాలి.

ఇన్ఫ్యూసోరియాకు వరిగడ్డి మంచి సరుకు. గుప్పెడు గడ్డి ఉడికించి, చల్లార్చి, గాజు సీసాలో పోసి, పాత తొట్టి నీళ్లు అరకప్పు కలిపి నీడలో పెడతారు. రెండు మూడు రోజులకు నీళ్లు పాలలా అయి కంపు కొడతాయి. అవి బ్యాక్టీరియా, ఇంకా మేత కాదు. బ్యాక్టీరియాను తినే పారమీషియం పెరిగాక, నాలుగు నుంచి ఆరు రోజులకు నీళ్లు తేటపడతాయి, వెలుతురుకు ఎదురుగా పెడితే తెల్లని నలుసులు కదులుతుంటాయి. వాడవలసింది అప్పుడు. పాలలా ఉన్న నీళ్లను తొందరపడి పోసినవారు తొట్టికి ఎక్కించేది కుళ్లునే. గడ్డికి పురుగుమందు కొట్టి ఉంటే ఆ సీసాలో ఏదీ పెరగదు, పెరిగినా నమ్మరాదు. గుడ్లు పెట్టాక మొదలుపెడితే ఆలస్యం, అందుకే రెండు మూడు రోజుల తేడాతో రెండు సీసాలు ముందే నడుపుతుంటారు. నర్సరీ చెరువులో పేడ వేసి, సూక్ష్మజీవులు పెరిగాకే స్పాన్ వదిలే రైతు చేసేదీ ఇదే, తిండి ముందు, పిల్ల తర్వాత.

ఆర్టీమియా గుడ్లు విశాఖ నుంచి నెల్లూరు దాకా రొయ్యల హేచరీలు వాడే సరుకే. ఇంట్లో పొదిగించడానికి అడుగు కోసి తలకిందులుగా నిలబెట్టిన కూల్‌డ్రింక్ సీసా చాలు. లీటరు నీళ్లకు 25 నుంచి 30 గ్రాముల కల్లుప్పు, పావు చెంచా గుడ్లు, అడుగు నుంచి గట్టిగా గాలి, పైన లైటు, 28 డిగ్రీల వేడి ఉంటే ఒక రోజులో నారింజ రంగు పిల్లలు వస్తాయి. గాలి ఆపి పది నిమిషాలు ఉంచితే డొల్లలు పైకి తేలతాయి, పిల్లలు అడుగున వెలుతురు వైపు చేరతాయి. వాటినే గొట్టంతో తీసి, సన్నని గుడ్డలో వడకట్టి, మంచినీళ్లతో కడగాలి. డొల్లలు కలిస్తే చేపపిల్ల మింగి పేగు బిగుసుకుంటుంది. కడగకపోతే తొట్టిలో ఉప్పు పెరుగుతుంది. ఆర్టీమియా మంచినీళ్లలోనూ కొన్ని గంటలు బతికే ఉంటుంది కాబట్టి మిగిలినది వెంటనే కుళ్లదు. పొడి మేతపై దీనికున్న పెద్ద ఆధిక్యం అదే. పావుగంట తర్వాత పిల్లల పొట్టలు నారింజ రంగులో మెరిస్తే తిన్నాయన్నట్టు.

ఉడికించిన గుడ్డు సొనపై వాదన పాతది. గోల్డ్‌ఫిష్ పెంచేవారు ఎన్నో ఏళ్లుగా దానితోనే పెంచారు, వంటింట్లో ఉంటుంది, ఖర్చు లేదు. కానీ అది కదలదు, అడుగుకు చేరుతుంది, నీళ్లపై నూనె కడుతుంది. పెద్ద సిమెంటు తొట్లలో, ఆరుబయట, రోజూ నీళ్లు పారే చోట ఇవేవీ పెద్ద లోపాలు కావు. 14 లీటర్ల గాజు తొట్టిలో మాత్రం సూదిమొన కన్నా ఎక్కువ వేస్తే సాయంత్రానికే నీళ్లు మసకబడతాయి.

రెండు వందల ఏంజెల్ గుడ్లతో ఒక నెల

ఇవన్నీ ఒకచోట ఎలా కలుస్తాయో చూడటానికి ఏంజెల్ మంచి ఉదాహరణ. చాలా జంటలు, ముఖ్యంగా మొదటిసారి పెట్టినవి, గుడ్లను తామే తినేస్తాయి. తల్లిదండ్రులే సాకనివ్వాలనేవారూ ఉన్నారు. ఆ జంట గుడ్లను కాపలా కాసి, పిల్లల్ని వెంటేసుకుని తిరిగే దృశ్యం నిజంగా చూడదగ్గది. ఎన్ని మిగులుతాయన్నది ముఖ్యమైతే మాత్రం గుడ్లు పెట్టడానికని తొట్టిలో ఉంచిన పలకను గుడ్లతో సహా వేరు చేస్తారు.

ఆ పలక నేరుగా నర్సరీలోకి వెళ్లదు, కారణం మిథిలీన్ బ్లూ. పొల్లుపోయి తెల్లబడిన గుడ్లపై బూజు పట్టి, పక్కనున్న మంచి గుడ్లకు పాకకుండా ఈ నీలిమందు ఆపుతుంది. కానీ అదే మందు స్పాంజ్‌లోని బ్యాక్టీరియాను, ఇన్ఫ్యూసోరియాను దెబ్బతీస్తుంది. వాడాలా వద్దా అన్న తగువుకు వేరే పాత్రే పరిష్కారం. 4 లీటర్ల గాజు జాడీలో తల్లి తొట్టి నీళ్లే పోసి, ఒక శాతం ద్రావణం నాలుగు నుంచి ఎనిమిది చుక్కలు వేసి, పలకను నిలబెడతారు. బుడగలు గుడ్లకు తగలకుండా పక్కనుంచి పోవాలి.

మూడో రోజుకు గుడ్లు చిట్లి పిల్లలు తోకలు కొట్టుకుంటుంటాయి. అప్పటి నుంచి జాడీ నీళ్లను రోజుకు రెండుసార్లు సగం చొప్పున మారిస్తే నీలిరంగు పలచబడుతుంది. మేత వేయరు. ఐదో రోజు నర్సరీలో నాలుగు అంగుళాల నీళ్లు, 28 డిగ్రీల వేడి సిద్ధంగా ఉంటాయి. ఆరో రోజు పాత స్పాంజ్ అందులోకి వస్తుంది, పిల్లల్ని గిన్నెతో నీళ్లతో సహా వంచుతారు. వలతో పడితే ఈ వయసు పిల్ల చర్మం చిట్లుతుంది. అదే సాయంత్రం మొదటి ఆర్టీమియా సీసా మొదలుపెడితే ఏడో రోజు ఈత, మేత కలుస్తాయి.

ఏడు నుంచి ఇరవయ్యో రోజు దాకా రోజుకు నాలుగైదుసార్లు, పొట్టలు నిండేంత ఆర్టీమియా. సాయంత్రం అడుగున మిగిలినది పీల్చి, దానితో పోయిన నీళ్లకు మరో లీటరు రెండు లీటర్లు కలిపి పోస్తారు. పీల్చిన నీళ్లను తెల్లని పళ్లెంలో పడితే పొరపాటున వచ్చిన పిల్లల్ని తిరిగి వేయొచ్చు. మొదటి వారం అమోనియా కిట్ రోజూ చూడాలి. రాత్రి పూర్తి చీకటిలో ఈ పిల్లలు చెదిరి అడుగున పడిపోతాయి, అందుకే గదిలో చిన్న బెడ్‌లైటు వదిలేస్తారు.

మూడో వారానికి రెక్కలు నిలువుగా పెరిగి పెద్ద ఏంజెల్ రూపం తేలుతుంది, మెత్తటి పొడి మేతను ఆర్టీమియాతో కలిపి అలవాటు చేయొచ్చు. నెల నిండేసరికి నీళ్లు పది అంగుళాలకు చేరినా 35 లీటర్లు ఇన్ని పిల్లలకు ఇరుకే. కిట్‌లో అమోనియా మళ్లీ కనిపించడం మొదలవుతుంది, ఒకే వయసు పిల్లల్లో కొన్ని ఆగిపోయి కొన్ని ఉరకలేస్తాయి. అప్పుడు పెద్దవాటిని వేరే తొట్టికి మార్చేవారు స్పాంజ్‌ను కత్తెరతో రెండు ముక్కలు చేసి, ఒక ముక్కను వాటితోనే పంపుతారు.